నిట్టింగ్ డాల్: అల్లిక బొమ్మా? అల్లే బొమ్మా?

ప్రశ్న: నెత్తిన నాలుగు మేకులు, నడుమ నిలువునా బెజ్జం ఉన్న చెక్క బొమ్మ. మేకులకు ఊలు చుట్టి ఉచ్చులు దాటిస్తుంటే కిందినుంచి గుండ్రటి తాడు దిగుతుంది. పిల్లల కోసం దీని గురించి రాస్తున్నాం. ‘అల్లిక బొమ్మ’ అనవచ్చా?

— అలా అంటే ఊలుతో అల్లిన బొమ్మ అనుకుంటారు. ఇక్కడ బొమ్మ పనిముట్టు కాబట్టి ‘అల్లే బొమ్మ’ మేలు. జర్మన్లు ‘ష్ట్రిక్‌లీజల్’ అంటారు. లీజల్ ఎలిజబెత్‌కు ముద్దుపేరు, ష్ట్రిక్ అంటే అల్లిక. వాళ్లూ పనిని బొమ్మకే అప్పగించారు.

— ‘అల్లిక కండె’ ఎలా ఉంటుంది? దారం అయిపోయిన చెక్క రీలుకు మేకులు కొట్టి కూడా చేస్తారు కదా.

— కండె వద్దండి. కండెకు నూలు చుడతారు, అది మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో కూర్చుంటుంది. ఇందులో అల్లిన తాడు బెజ్జంలోంచి దిగుతుంది. పైగా నేతకు పడుగూ పేకా రెండూ కావాలి. ఇక్కడ ఉన్నది ఒక్కటే పోగు, ఉచ్చులోంచి ఉచ్చు.

— ‘ముడి’ అని కూడా రాయకండి. ఎక్కడా ముడి పడదు. చివరి ఉచ్చులు మూయకుండా పోగు లాగితే తాడంతా ఊడిపోతుంది. పద్ధతిని ఇలా రాయవచ్చు: పోగు కొసను పైనుంచి బెజ్జంలోకి వదిలి, కింద జానెడు వేలాడనివ్వాలి. మొదటి వరసలో పోగు నడుమనుంచి బయలుదేరి, మేకు వెలుపలగా తిరిగి, మళ్లీ లోపలికి వచ్చి పక్క మేకుకు పోతుంది. రెండో వరసనుంచి చుట్టడం ఉండదు. పోగును మేకు వెలుపల, పాత ఉచ్చుకు పైగా ఆనించాలి. కింది ఉచ్చును మొద్దు సూదితో ఎత్తి, పోగు మీదుగా, మేకు తల మీదుగా లోపలికి వదలాలి. వరస పూర్తికాగానే కింది కొసను మెల్లగా లాగాలి.

— ‘మెల్లగా’ అన్నమాట తప్పక ఉంచండి. పిల్లలు పోగును బిగించి పట్టుకుంటారు. అప్పుడు ఉచ్చులోకి సూది దూరదు, బలవంతం చేస్తే పోగు చీలుతుంది. రెండు వేళ్ల మధ్య పోగు జారుతూ ఉండాలి. మేకు తల వెడల్పుగా ఉంటే ఉచ్చు దాటదు, లోపలికి వాలితే అదే జారిపోతుంది. జారిన ఉచ్చును వెంటనే పట్టకపోతే తాడు పొడవునా నిచ్చెనలాంటి సందు ఏర్పడుతుంది. కొక్కెం సూదితో మెట్టుమెట్టుగా ఎక్కించి తిరిగి మేకుకు తగిలించవచ్చు.

— ముగింపుకు ‘ముడి వేయడం’ బదులు ‘ఉచ్చులు మూయడం’ అనండి. పోగు కత్తిరించి, కొసను సూదికెక్కించి, నాలుగు ఉచ్చుల్లోంచీ వరసగా దూర్చాకే మేకుల నుంచి తీయాలి. ముందే తీస్తే ఊడడం మొదలవుతుంది. తర్వాత కొస లాగితే నోరు మూసుకుంటుంది.