ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత: కరెంటు పోతే ఆగుతుంది, వస్తే మళ్లీ మొదలు. ఎందుకు?

రాత్రి_డ్యూటీ (అనంతపురం)

అన్నలకు, అక్కలకు నమస్తే. నాది ఇంట్లోంచి పని, రాత్రి 9కి మొదలు. ఉన్నది ఒకటే గది, పాపకు ఏడు నెలలు. ల్యాప్‌టాప్ పాతదే, చిప్ ఐ5 8250యూ, విండోస్ 10. పెద్ద ఎక్సెల్ ఫైలు తెరిస్తే చాలు పక్కన పిండిమర ఆడుతున్నట్టు మోత. రెండు నిమిషాలు మోగి ఆగుతుంది, పాప కళ్లు మూసేలోపు మళ్లీ లేస్తుంది. ఒకే తీరుగా మోగితే అలవాటైపోయేదేమో, ఈ లేవడం పడటంతోనే చచ్చిపోతున్నా. ఒక షాపులో చూపిస్తే ఫ్యాన్ పోయింది మార్చాలన్నారు, 1,800 పెట్టి మార్పించా, కొత్తది పాతదానికంటే గట్టిగా అరుస్తోంది.

ఇప్పుడు వింత వినండి. మొన్న రాత్రి కరెంటు పోయింది. సీలింగ్ ఫ్యాన్ ఆగింది కాబట్టి ల్యాప్‌టాప్ మోత ఇంకా బాగా వినపడాలి కదా, అసలు లేదు. అదే ఫైలు, అదే పని. కరెంటు వచ్చిన నిమిషానికి మళ్లీ మొదలు. ఛార్జర్‌లో ఏమైనా లోపమా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఛార్జర్ లోపం కాదు తమ్ముడూ. జవాబు నీ ప్రశ్నలోనే ఉంది.

నీ చిప్ అసలు వేగం 1.6 గిగాహెర్ట్జ్. పని పడినప్పుడు దానంతటదే 3.4 దాకా ఎగబాకుతుంది, దాన్నే టర్బో అంటారు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఛార్జింగ్ మిగలాలని ఈ టర్బోను కొంచెం బిగబట్టి ఉంచుతారు, ఛార్జర్ పెట్టగానే పగ్గం వదిలేస్తారు. వేగం పెరగాలంటే వోల్టేజీ కూడా పెరగాలి, ఖర్చయ్యే కరెంటేమో వోల్టేజీ వర్గం లెక్కన పెరుగుతుంది, అందుకే వేగం రెండింతలైతే వేడి రెండింతలతో ఆగదు. పెద్ద మంట మీద సంగటి వండినట్టు, కాస్త ముందు ఉడుకుతుంది గానీ అడుగంటుతుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, నీ ప్లాన్ పక్కన ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, దాని కింద అడ్వాన్స్‌డ్. చిన్న డబ్బా తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, దాని లోపల మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్. 100 ఉంటుంది, 99 చెయ్యి. ఒక్క శాతమే కదా అనుకోవద్దు, 100 కంటే తగ్గించగానే టర్బో మొత్తం ఆగిపోతుంది. మినిమమ్ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని ముట్టుకోకు. మా బావమరిది మినిమమ్‌లో 99 పెట్టి వారం రోజులు నన్ను తిట్టాడు.

రాత్రి_డ్యూటీ

అన్నా, దండం. 99 పెట్టి అరగంట అయింది, అదే ఫైలు తెరిచి చూస్తున్నా. ముందు 90 డిగ్రీలు దాటేది, ఇప్పుడు 65 దగ్గర నిలబడింది. ఫ్యాన్ తిరుగుతోంది గానీ చెవి దగ్గర పెడితే తప్ప తెలియడం లేదు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ రిఫ్రెష్ అవడానికి ముందు 40 సెకన్లు పట్టేది, ఇప్పుడు నిమిషం దాటుతోంది. ఆ 20 సెకన్లు నాకు లెక్క కాదు, పాప పడుకుంది. ఆ 1,800 గుర్తొస్తేనే కడుపు మండుతోంది.

పత్తి_మూట (ఆదోని)

అందరూ సెట్టింగుల మీద పడ్డారు, ఒకసారి మూత తీసి చూడండయ్యా. మా ఊరి గాలిలో సగం పత్తి నూగే. నాది తెరిస్తే ఫ్యాన్‌కీ, వేడి బయటికి పోయే ఆ రాగి రేకులకీ మధ్య బూడిద రంగు దుప్పటి ముక్క లాంటిది అడ్డంగా ఉంది, పట్టుకారుతో ఒకే పొరగా ఊడొచ్చింది. గాలి ఎక్కడినుంచి పోతుంది మరి? బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతో పట్టుకోండి, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ పక్కన ఉండే మా స్నేహితుడైతే ఆరు నెలలకొకసారి తీయాల్సిందే, ఆ రాతిపొడి తడి తగిలితే పేస్టులా గట్టిపడుతుంది.

తుంగభద్ర_గట్టు

ఒప్పుకుంటా. కానీ అతను కొత్త ఫ్యాన్ వేయించుకున్నప్పుడే దుమ్ము పోయి ఉండాలి, అయినా మోత తగ్గలేదు కదా. దుమ్ము కేసు వేరేలా ఉంటుంది, కరెంటు ఉన్నా పోయినా ఒకటే మోత.

నల్లబండ (కడప)

మీరు నవ్వినా సరే చెప్తా. మా ఇంట్లో టేబుల్ పైన కడప రాయి, మే నెలలో కూడా చెయ్యి పెడితే చల్లగా ఉంటుందని ల్యాప్‌టాప్ నేరుగా దానిమీదే పెట్టేవాణ్ని. మోత తగ్గకపోగా పెరిగింది. అడుగున రబ్బరు కాళ్లు రెండు ఎప్పుడో ఊడిపోయాయి, గాలి పీల్చే జల్లెడ రాయికి అతుక్కుని కూర్చుంది. రాయి చల్లదనం ప్లాస్టిక్ దాటి లోపలికి పోదు, గాలేమో ఆగిపోయింది. వెనక వైపు రెండు గోలీసోడా మూతలు పెట్టి ఎత్తు చేశా, అంతే. 99 కూడా పెట్టా. రెండూ కలిసే పనిచేశాయి, ఏది ఎంత అని అడగొద్దు.

ఇంకోటి, గది గాలే 40 ఉంటే ఏ ఫ్యాన్ అయినా ఆ 40 డిగ్రీల గాలినే లోపలికి విసురుతుంది. జనవరిలో పెట్టిన సెట్టింగు మేలో సరిపోవడం లేదంటే చిప్‌ది తప్పు కాదు.

రేపే_పరీక్ష (కడప)

అన్నా నాది గేమింగ్ ల్యాప్‌టాప్, ఐ7 9750హెచ్, 2.6 నుంచి 4.5 దాకా పోతుంది. హాస్టల్‌లో రూమ్మేట్ చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు. 99 పెడితే గేమ్ పాడవుతుందా?

తుంగభద్ర_గట్టు

చాలా గేముల్లో భారం గ్రాఫిక్స్ కార్డు మీదే ఎక్కువ, 2.6 దగ్గర ఆరు కోర్లు నడిచినా పెద్దగా తేడా తెలియదు. కొన్నింటిలో తెలుస్తుంది, ఆడి చూసుకో. దాంతోపాటు సెకనుకు వచ్చే ఫ్రేములను 60కి కట్టేయి, కార్డు కూడా చల్లబడుతుంది. అండర్‌వోల్ట్ చేస్తే, అంటే చిప్‌కు ఇచ్చే వోల్టేజీ కాస్త తగ్గిస్తే, వేగం తగ్గకుండా వేడి తగ్గుతుంది గానీ 2019లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో దానికి తాళం వేశాయి. నీదాంట్లో తెరిచి ఉంటే అదృష్టవంతుడివి. అన్నట్టు నీ పేరు చూస్తే గేముల గురించి చెప్పాలనిపించడం లేదు.

జీఎస్టీ_అక్క (కర్నూలు)

నాది ఆఫీసు డెస్క్‌టాప్, రైజెన్ 5 5600ఎక్స్. నెలాఖరులో రిటర్నులు వేసే రోజుల్లో క్లయింట్లు ఎదురుగా కూర్చుంటే వాళ్ల మాట వినపడేది కాదు. బయాస్‌లో ఎకో మోడ్ పెట్టించా, 65 వాట్ల చిప్ 45కి దిగింది. ట్యాలీలో నాకైతే ఏ తేడా లేదు. విండోస్ సెట్టింగు కంటే ఇదే నయం అనిపించింది, ఎందుకంటే విండోస్ అప్‌డేట్ తర్వాత ఒకసారి నా ప్లాన్ మళ్లీ మొదటికి వచ్చింది, బయాస్‌ది చెక్కు చెదరలేదు.

ఇంకో మాట. ఏ పనీ లేకుండా మోగుతుంటే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. మా అసిస్టెంటు దాంట్లో రెండు యాంటీవైరస్‌లు ఒకదాన్నొకటి కాపలా కాస్తున్నాయి.

పెంగ్విన్_తాత (అనంతపురం)

విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వాడేవాళ్ల కోసం. ఇంటెల్ అయితే సిస్టమ్ ఫోల్డర్లలో ఇంటెల్ పీ-స్టేట్ కింద నో టర్బో అనే ఫైలు ఉంటుంది, రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) దాంట్లో 1 రాస్తే టర్బో బంద్. 0 రాస్తే మళ్లీ మామూలే. రీస్టార్ట్ చేస్తే పోతుంది, కాబట్టి నేను బూట్‌లోనే పెట్టేశా. రిటైరైనవాణ్ని, నాకు 3.4 గిగాహెర్ట్జ్‌తో ఏం పని?

పులివెందుల_77

ఇక్కడ చెప్పినవన్నీ చేశా, నాకు సున్నా. కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11, మీరు చెప్పిన ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంటే కనపడటం లేదు. ఊరికే జనాన్ని తిప్పుతున్నారు.

తుంగభద్ర_గట్టు

తిప్పడం లేదు సామీ, కొత్తవాటిలో ఆ ఆప్షన్‌ను దాచిపెట్టారు. ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్‌లోకి పోయి పవర్ మోడ్‌ను బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ చెయ్యి. చాలామందికి దాంతోనే సరిపోతుంది. ఏం చేశావో చెప్పు.

పులివెందుల_77

అది నిన్ననే మార్చా. ఇందాక చార్జర్ పెట్టి పని చేస్తే మళ్లీ అదే మోత.

జీఎస్టీ_అక్క

అక్కడ ఛార్జర్‌కి ఒక వరుస, బ్యాటరీకి ఒక వరుస ఉంటాయి తమ్ముడూ. ఏది మార్చావు?

పులివెందుల_77

బ్యాటరీది.

ఇప్పుడు రెండోది కూడా మార్చా అక్కా. తగ్గింది.