పీవీసీ పైపు నీళ్ల తుపాకీకి బెజ్జం ఎంత సైజు వేయాలి?

కావలి కుర్రోడు:
సెలవులకు అక్క పిల్లలు దిగారు. అంగుళం పీవీసీ పైపు అడుగు ముక్క కోసి, కర్రకు వాషర్ బిగించి నీళ్ల తుపాకీ చేశా. ఎండ్ క్యాప్‌కు మేకు కాల్చి బెజ్జం పెట్టా. నీళ్లు ధారగా పోవడం లేదు, గొడుగులా విచ్చుకుని నాలుగడుగుల్లో పడిపోతున్నాయి. బెజ్జం పెద్దదైందా, చిన్నదైందా? ఎన్ని మిల్లీమీటర్లు వేయాలో చెప్పండి.

ఒంగోలు లేత్:
సైజు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ మేకు మానెయ్. కాల్చిన మేకుతో పెట్టిన బెజ్జం గుండ్రంగా రాదు. కరిగిన ప్లాస్టిక్ అంచున గడ్డ కడుతుంది, ధార అక్కడే చీలిపోతుంది. పైగా పీవీసీ కాలితే వచ్చే పొగ ఘాటు, గొంతు పట్టేస్తుంది.

డ్రిల్లుతో చెయ్. క్యాప్ మధ్యలో సెంటర్ పంచ్‌తో (మొన ఉన్న ఇనుప పనిముట్టు) చిన్న గుంట కొట్టుకో, లేకపోతే బిట్ పక్కకు జారుతుంది. లోపల చెక్కముక్క ఆనించి, ముందు 1.5 లేదా 2 మి.మీ. బిట్‌తో దారి చేసి, తర్వాత కావాల్సిన బిట్ దింపు. స్పీడ్ తగ్గించు, నొక్కొద్దు. వేడెక్కితే పీవీసీ మెత్తబడి బిట్‌కు చుట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం చివరి పని: 8 లేదా 10 మి.మీ. బిట్‌ను చేత్తో పట్టుకుని క్యాప్ లోపలివైపు రెండు మూడు తిప్పులు తిప్పు. పొట్టు పోయి, లోపలి అంచు కొంచెం ఏటవాలు అవుతుంది. నీళ్లు నున్నగా జారి వస్తాయి. బయటి అంచును మాత్రం కదిలించొద్దు, అది పదునుగా ఉంటేనే ధార తెగకుండా వస్తుంది. అంగుళం పైపుకు నేనైతే 3 వేస్తా.

నెల్లూరు టీచరమ్మ:
3 ఎందుకో లెక్క చెప్తాను. పైపు లోపలి వ్యాసం 25 మి.మీ. అనుకుందాం, అంటే వైశాల్యం దాదాపు 4.9 చదరపు సెంటీమీటర్లు. మీరు 5 కిలోల బలంతో నెడితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి. దాంతో నీళ్లు సెకనుకు 14 మీటర్ల దాకా వేగం అందుకుంటాయి. అడుగు పైపులో పట్టేది 150 మిల్లీలీటర్లే. బెజ్జం వైశాల్యం వ్యాసానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 3 బదులు 6 వేస్తే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు నీళ్లు పోతాయి. 3 అయితే రెండు సెకన్ల పైన వస్తుంది, 6 అయితే అర సెకను దాటగానే పైపు ఖాళీ. అంత వేగంగా కర్రను అదే బలంతో నెట్టడం పిల్లల వల్ల కాదు, ఒత్తిడి పడిపోతుంది.

అలాగని మరీ సన్నం చేసినా దూరం రాదు. సన్నటి ధారను గాలి తొందరగా తుంపరలు చేసేస్తుంది.

కావలి కుర్రోడు:
మేడమ్, అయితే రెండంగుళాల పైపు పెడితే ఇంకా దూరం పోతుందా? చేపల చెరువు దగ్గర ముక్కలు బోలెడు పడున్నాయి.

నెల్లూరు టీచరమ్మ:
పోదు. వైశాల్యం నాలుగింతలు అవుతుంది, అదే 5 కిలోలకు ఒత్తిడి నాలుగో వంతు, నీళ్ల వేగం సగం. నీళ్లు ఎక్కువ పడతాయంతే.

కొండపి రైతుబిడ్డ:
ఈ గోలంతా ఎందుకబ్బయా, పొగాకు మందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ పాతది ఒకటి బిగిస్తే పోలా?

ఒంగోలు లేత్:
వద్దన్నా. పురుగుమందు పోసిన నాజిల్‌ను ఎంత కడిగినా పిల్లల చేతికి ఇవ్వకూడదు, మొహాల మీద కొట్టుకుంటారు. కొత్తది కొన్నా పనికి రాదు. దాని లోపల నీటిని తిప్పే బిళ్ళ ఉంటుంది, ఆకు తడపడానికి మంచులా చల్లడమే దాని పని.

పొదలకూరు నిమ్మతోట:
మా తోటలో డ్రిప్ సామాన్లు మిగిలితే నేనూ చేశా. నాకు విసుగు తెప్పించింది నీళ్లు నింపడం. 2 మి.మీ. బెజ్జం లోంచి బకెట్లో నీళ్లు పీల్చాలంటే చెయ్యి నొప్పి పుడుతుంది. అందుకే క్యాప్‌ను పైపులు అంటించే సొల్యూషన్‌తో అంటించలేదు. పైపు మూతికి మరలు (త్రెడ్) ఉన్న అడాప్టర్ అంటించి, దానికి మరలున్న క్యాప్ పెట్టా. క్యాప్ విప్పి నింపడం, మళ్లీ బిగించడం. 2, 3, 4 బెజ్జాలతో మూడు క్యాప్‌లు చేసి పెట్టుకుంటే ఒకే తుపాకీకి మార్చుకోవచ్చు. చిన్నపిల్లకు 2, పెద్దోళ్లకు 4. నింపాక మూతి పైకెత్తి ఒకసారి నెట్టి గాలి తీసెయ్యండి, గాలి బుడగ ఉంటే ధార దగ్గు దగ్గుగా వస్తుంది.

కనిగిరి మామ:
మా బోరు నీళ్లకు బెజ్జం చుట్టూ తెల్లగా పట్టేస్తుంది. కాస్త నిమ్మరసంలో నానబెడితే పోద్ది. సూదితో గెలికితే అంచు పాడవుద్ది.

నెల్లూరు ఆటో:
ఒక ఐడియా. కర్ర బదులు పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి పట్టిస్తే యాభై అడుగులు కొడుతుందేమో!

ఒంగోలు లేత్:
ఆ పని మాత్రం చెయ్యొద్దు స్వామీ. నీళ్ల పైపు గాలి ఒత్తిడికి చేసింది కాదు. పీవీసీ పగిలితే పదునైన పెచ్చులై ఎగురుతుంది. ఎండకు పడి పెళుసెక్కిన ముక్కయితే మరీ ప్రమాదం. చేత్తో నెట్టేదయినా కంటికి గురి పెట్టొద్దని పిల్లలకు చెప్పండి.

కావలి కుర్రోడు:
డ్రిల్లుతో 3 వేశా అన్నా, ధార గోడ దాటి పక్కింటి మిద్దె మీద పడింది. పక్కింటామె అరుస్తోంది. ఇప్పుడు ఇంకో తలనొప్పి: నీళ్లు పీల్చేటప్పుడు వెనక నుంచి గాలి దూరి సగమే నిండుతోంది. వాషర్ సైకిల్ పంపుది, తోలుది.

పొదలకూరు నిమ్మతోట:
అదే కారణం. ఆ వాషర్ గిన్నె ఆకారం. నెట్టేటప్పుడు అంచు విచ్చుకుని పైపుకు పట్టేస్తుంది, లాగేటప్పుడు ముడుచుకుని గాలికి దారి ఇస్తుంది. రెండు వాషర్లు వీపులు కలిపి బిగించు, లేదా కర్రకు గాడి తీసి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) వెయ్. క్యాప్ విప్పి నింపితే అదీ అక్కర్లేదు.