సముద్రతీర పట్టణంలోని స్టేక్‌హౌస్‌లో భోజనం: ఏమి ఆర్డర్ చేయాలి?

ప్రశ్న:
అమ్మానాన్నల పెళ్లిరోజుకు వారిని ఒక సముద్రతీర పట్టణానికి తీసుకువెళ్తున్నాను. అక్కడ పాత పద్ధతిలో నడిచే, కాస్త ఖరీదైన స్టేక్‌హౌస్‌లో (స్టేక్ అనే మందపాటి బీఫ్ ముక్కలను కాల్చి వడ్డించే హోటల్లో) రాత్రి భోజనం పెట్టించాలని నా కోరిక. నాన్నగారు ముక్కలో ఎరుపు కనిపిస్తే పక్కన పెట్టేస్తారు. అమ్మ బీఫ్ ముట్టదు, చేపలు మాత్రం ఇష్టంగా తింటుంది. ఏ కట్ (మాంసంలో ఏ భాగపు ముక్క) ఎంచుకోవాలో, బీచ్ నుంచి నేరుగా వెళ్లవచ్చో లేదో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
ప్లేటులోకి కారే ఎర్రని రసం రక్తం కాదండీ, కండరంలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీరు. అయినా నాన్నగారి అలవాటును మార్చాల్సిన పని లేదు. ముక్కను ఎంత కాల్చాలో చెప్పడానికి కొన్ని పేర్లున్నాయి: మీడియం రేర్ అంటే ముక్క నడిమధ్యలో వేడి సుమారు 55 డిగ్రీల సెల్సియస్, మీడియం అంటే 60 దాటాక, వెల్‌డన్ అంటే 70 పైన. ఆయనకు మీడియంకీ వెల్‌డన్‌కీ నడుమ ఉండే మీడియం వెల్ చెప్పండి. ఫిలే మిన్యాన్ అనే కట్ మాత్రం వద్దు; అది మెత్తనిదే గానీ కొవ్వు తక్కువ కాబట్టి ఎక్కువ కాలిస్తే పొడిబారిపోతుంది. కండ మధ్యలో సన్నని తెల్లని చారలుగా కొవ్వు అల్లుకున్న రిబ్‌ఐ అనే కట్ అయితే, ఆ కొవ్వు కరిగి ముక్కంతా పట్టి, బాగా కాలినా రుచి నిలుస్తుంది. వచ్చిన వెంటనే కోయకుండా కొద్ది నిమిషాలు ఆగితే రసం ప్లేటు పాలు కాదు.

సమాధానం 2:
అమ్మగారి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి చోట్ల చేపను కూడా స్టేక్ కాల్చిన గ్రిల్ మీదే కాల్చవచ్చు, బంగాళాదుంప వేపుళ్లను బీఫ్ కొవ్వులో వేయించవచ్చు, సాస్‌లలో బీఫ్ ఎముకల రసం కలపవచ్చు. మెనూ చూస్తే ఇవేవీ తెలియవు. టేబుల్ బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో అడిగి, చేపను వేరే పెనం మీద వండగలరో లేదో నిర్ధారించుకోండి. అక్కడికి వెళ్లాక అడిగితే రద్దీలో సరైన జవాబు దొరకడం కష్టం, పండుగపూట ఆవిడ అర్ధాకలితో లేవడం ఎవరికీ బాగుండదు.

సమాధానం 3:
రిబ్‌ఐ విషయంలో నా అభిప్రాయం వేరు. అందులో నడుమ పెద్ద కొవ్వు ముద్ద ఉంటుంది, అలవాటు లేనివారికి అది నోటికి సహించదు. న్యూయార్క్ స్ట్రిప్ అనే మరో కట్‌లో కొవ్వు ఎక్కువగా ఒక అంచునే ఉంటుంది కనుక కత్తితో తీసేసి తినవచ్చు. ఇక బట్టల సంగతి: ఈత దుస్తులు, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులతో వచ్చేవారిని ఇలాంటి చోట్ల చాలావరకు లోపలికి రానివ్వరు. గదికి వెళ్లి స్నానం చేసి, కాలరున్న చొక్కా, బూట్లు వేసుకుని వెళ్లండి. కూరగాయలు, బంగాళాదుంపలు ఇలాంటి చోట్ల సాధారణంగా స్టేక్‌తో పాటు రావు, విడిగా తెప్పించుకోవాలి. ఒక్కో గిన్నె సాధారణంగా ఇద్దరికి సరిపోతుంది కాబట్టి ముగ్గురికి రెండు చాలు.