పాత చెక్క పడవ బాగుచేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఫైబర్‌గ్లాస్ వేసేయొచ్చా?

కొత్తచిత్రిక:
అందరికీ నమస్కారం. మా మామయ్య షెడ్డులో ఏళ్ల తరబడి ఉండిపోయిన చెక్క పడవ ఇప్పుడు నా చేతికొచ్చింది. పొడవు 18 అడుగులు, పలక అంచుకు పలక ఆనించి కట్టిన రకం, బయట అంతా నునుపుగా ఉంటుంది. పలకల మందం ముప్పావు అంగుళం. లోపల వంచి బిగించిన ఓక్ రిబ్స్ (పలకలను పట్టి ఉంచే పక్కటెముకల లాంటి చెక్కలు), వాటికి రాగి రివెట్లు, మధ్యమధ్యలో ఎవరో తర్వాత కొట్టిన స్క్రూలు. ముందు నుంచి వెనక దాకా సాగే ఆ వంపు చూస్తుంటే వదిలేయడానికి మనసు రావడం లేదు, ఎలాగైనా మళ్లీ నీళ్లలో దింపాలని ఉంది.

ఇక సమస్యలు. పలకల సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోంది, కొన్నిచోట్ల నాణెం దూరుతుంది. వంపు ఎక్కువున్న చోట కొన్ని రిబ్స్ విరిగాయి. వెనక అడ్డపలక కింది మూలలో చెక్క మెత్తబడింది. పెయింట్ పొర మీద పొర, ఎన్ని ఉన్నాయో తెలియదు.

తెలిసినవాళ్లు ఒకరు "సందులన్నీ గట్టి లప్పంతో పూడ్చి, పైన ఫైబర్‌గ్లాస్ వేసేయ్, ఇక చుక్క నీరు రాదు" అంటున్నారు. నాకు దొరికేది వారాంతాలు, అప్పుడప్పుడూ సాయంత్రాలు. వడ్రంగం కొంత వచ్చు కానీ పడవ పని కొత్త. ముందు ఏది ముట్టుకోవాలి?

అడుగుదూలం:
ముందు ఆ ఫైబర్‌గ్లాస్ ఆలోచన పక్కన పెట్టండి, లప్పం డబ్బా కూడా.

సందుల్లో వెలుతురు చూసి టెన్షన్ పడొద్దు. చెక్క ఆరితే అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. ఏళ్ల తరబడి గట్టు మీద ఉన్న పడవ అలా నోళ్లు తెరవడం మామూలే. నీళ్లలో పెడితే పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, అసలు ఈ రకం పడవ నీళ్లను ఆపేదే ఆ ఒత్తిడితో. ఇప్పుడు ఎండి ఉన్నప్పుడు సందుల్లో రాయిలా గట్టిపడేది కూరారనుకోండి, రేపు ఉబ్బిన పలకలకు జరగడానికి చోటుండదు, ఆ ఒత్తిడి రిబ్స్ మీదకీ రివెట్ల మీదకీ పోతుంది. బాగున్న రిబ్స్ కూడా అప్పుడే విరుగుతాయి. ఫైబర్‌గ్లాస్ సంగతీ అంతే, లోపల కదిలే పలకల మీద కదలని పెంకు కొన్నాళ్లకు చిట్లుతుంది, ఆ చిట్లిన చోట నీరు చేరి బయటికి రాలేక చెక్కను లోలోపలే తినేస్తుంది. పైకి మాత్రం తళతళలాడుతుంది, అదే ప్రమాదం.

మీరు ముందు చేయాల్సింది పడవను సరిగ్గా నిలబెట్టడం. బరువు మొత్తం కీల్ మీద, అంటే అడుగున పొడవునా సాగే దూలం మీద పడాలి, పక్కన పెట్టే ఆసరాలు పడవ ఒరిగిపోకుండా పట్టుకోవడానికే. రెండు చివర్లా ఆనించి మధ్యలో వదిలేస్తే కీల్ కుంగుతుంది, చివర్లకు ఆసరా లేకపోతే అవి వాలిపోయి నడుము పైకి లేస్తుంది. కీల్ పక్కన ఒక దారం బిగించి కట్టి చూడండి, తేడా ఉంటే కొంచెం కొంచెంగా చెక్క ముక్కలు పెడుతూ సరిచేయండి, ఒక్కరోజులో జాక్ పెట్టి లేపేయొద్దు. ఆకారం సరిగ్గా వచ్చాక లోపల రెండు మూడు చోట్ల ప్లైవుడ్‌తో వంపుకు సరిపడే అచ్చులు కోసి బిగించండి. ఇది పూర్తయ్యేదాకా ఒక్క మేకు కూడా పీకొద్దు.

తర్వాత పరీక్ష. చిన్న సుత్తితో ప్రతి పలకా కొట్టి వినండి, గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట సన్నని మొనతో గుచ్చి చూడండి. ముఖ్యంగా చూడాల్సింది వాననీరు నిలిచే చోట్లు, అంటే డెక్ అంచు కింద, వెనక పలక మూలలు, రిబ్స్ అడుగు కొసలు. ఉప్పునీటి కన్నా మంచినీరే చెక్కకు ఎక్కువ చేటు. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటితేనే పుచ్చు పట్టే బూజు పెరుగుతుంది, అందుకే తేమ మీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

జిగురుపని:
పై మాటలో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ ఫైబర్‌గ్లాస్‌తో పాటు ఎపాక్సీని, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురును, పూర్తిగా తోసేయకండి. 1960ల చివర్లో అమెరికాలో గూజన్ సోదరులు చెక్క పడవలకు ఎపాక్సీ వాడే పద్ధతిని అభివృద్ధి చేసి వ్యాప్తిలోకి తెచ్చినప్పటి నుంచి, పలచటి పొరలు అతికించి కట్టినవీ, ప్లైవుడ్‌వీ ఎన్నో పడవలు ఎపాక్సీతోనే నిలబడుతున్నాయి. అక్కడ చెక్కంతా ఒకే ముక్కగా మారిపోతుంది, తేమ లోపలికి వెళ్లదు, కదలిక ఉండదు. మీ పడవ ఆ రకం కాదు కాబట్టి మొత్తానికి పూయడం తప్పు, విడి భాగాలకు మాత్రం వాడొచ్చు. ఉదాహరణకు మొత్తం పలక మార్చకుండా పాడైన ముక్క వరకే కోసి కొత్త చెక్క అతకాలంటే, ఏటవాలు అతుకు పొడవు మందానికి కనీసం 8 రెట్లు ఉండాలి. ముప్పావు అంగుళం పలకకు 6 అంగుళాలు. అతికించే రెండు ముక్కలూ ఆరి ఉండాలి. ఎపాక్సీ ఎండకు తట్టుకోదు, పైన పెయింటో, ఎండను ఆపే వార్నిషో తప్పనిసరి.

మెత్తబడ్డ చెక్కను గట్టిపరుస్తామని అమ్మే పలచటి ద్రవాలను నమ్ముకోకండి. పైన పెంకు కడుతుంది, లోపల అలాగే ఉంటుంది. 1628లో మునిగి 1961లో పైకి తెచ్చిన స్వీడన్ ఓడ వాసా చెక్కలోకి ద్రవం ఎక్కించడానికి 17 ఏళ్లు పైనుంచి చల్లుతూ ఉండాల్సి వచ్చింది, అదీ మ్యూజియంలో నిలబెట్టడానికే. మీది నీళ్లలో తిరగాల్సిన పడవ. పుచ్చిన చోటు గట్టి చెక్క తగిలేదాకా కోసి తీసేయండి.

రంగుగీకుడు:
పెయింట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే ఇది పడవ సంగతి కాదు, మీ ఇంట్లోవాళ్ల సంగతి. పాత పడవల్లో సీసం ఉన్న పెయింట్ ఉండే అవకాశం చాలా ఎక్కువ, కింద ప్రైమర్‌గా ఎర్ర సీసం పూసేవాళ్లు. నీటిమట్టం కింద వేసే పాత పూతల్లో ఇంకా విషాలు ఉంటాయి, టిన్ కలిపిన రకాన్ని 2008లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంతో ఓడల మీద నిషేధించారు. కాబట్టి పొడి శాండింగ్ మిషన్ పెట్టి దుమ్ము లేపొద్దు. తడిపి గీకండి, మంచి ఫిల్టర్ మాస్క్ పెట్టుకోండి, కింద షీట్ పరిచి రాలినదంతా ఏరి మూట కట్టండి, ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోకండి.

ఇంకోటి, అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరచండి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో వేయండి. పడవతో పాటు షెడ్డు కూడా తగలబడకూడదు కదా.

వారాంతాల పని అన్నారు. అలాంటప్పుడు పడవ మొత్తం ఒకేసారి విప్పేయకపోవడమే మేలు. విప్పేసి ఆగిపోయిన పడవలు తర్వాత పొయ్యిలోకే వెళ్తాయి. ఒక చోటు విప్పండి, బాగుచేయండి, మూయండి, తర్వాత ఇంకోటి. విప్పే ముందు ప్రతిదానికీ ఫొటో, ముక్క వెనక పెన్సిల్‌తో నంబరు.

కొత్తచిత్రిక:
అందరికీ చాలా థ్యాంక్స్. కీల్ కింద దిమ్మెలు పెట్టి, దారం కట్టి, అచ్చులు బిగించాను. సుత్తితో చూస్తే పలకలు చాలావరకు బాగానే పలికాయి, కీల్ పక్క మొదటి పలక ఒకవైపు వెనక కొసన మాత్రం మొన సులువుగా దిగుతోంది. తర్వాత కొట్టిన స్క్రూలు విప్పితే కొన్ని గులాబీ రంగులో ఉన్నాయి, తిప్పుతుంటే తల ఊడి వచ్చేసింది. కీల్ బోల్టుల చుట్టూ ఓక్ నల్లబడింది. ఇవి దేనికి గుర్తు? రిబ్స్ నేను సొంతంగా వంచుకోగలనా?

అడుగుదూలం:
గులాబీ రంగు స్క్రూలు ఇత్తడివి. ఉప్పునీళ్లలో ఇత్తడిలోంచి జింక్ పోయి గుల్లబారిన రాగి మిగులుతుంది, బలం ఏమీ ఉండదు. అవన్నీ తీసేసి సిలికాన్ కంచు స్క్రూలు వేయండి. స్టెయిన్‌లెస్ మెరుస్తోందని నీటి కింద వాడకండి, తడి చెక్కలో గాలి అందక అది కూడా లోపలే గుంటలు పడుతుంది. బోల్టుల చుట్టూ నలుపంటే అవి ఇనుపవి అని, ఓక్‌లోని టానిక్ ఆమ్లం ఇనుముతో కలిసి అలా చేస్తుంది. ముందు ఒక బోల్టు తీసి చూడండి, నడుము సన్నబడి ఉంటే అన్నీ మార్చాల్సిందే. దీన్ని వాయిదా వేయొద్దు, కీల్‌ను పట్టుకుని ఉన్నవి అవే.

రిబ్స్ తప్పకుండా వంచుకోగలరు, ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. పొడవాటి చెక్కపెట్టె చేసి దానిలోకి ఆవిరి పంపాలి, అంగుళం మందానికి గంట లెక్క. పచ్చి ఓక్ గానీ గాలికి ఆరిన ఓక్ గానీ తీసుకోండి, బట్టీలో ఆరబెట్టినది వంచితే చీలిపోతుంది. చెక్కలోని గీతలు కొస నుంచి కొస దాకా తిన్నగా సాగాలి, పక్కకు తప్పుకున్న చోటే విరుగుతుంది. పెట్టెలోంచి తీశాక నిమిషం కూడా టైమ్ ఉండదు, కాబట్టి క్లాంపులు సిద్ధంగా పెట్టుకుని తోడుగా ఇంకొకరిని పిలవండి, మందపాటి గ్లవ్స్ వేసుకోండి. ఒక్కసారి ఒక్క రిబ్ మాత్రమే మార్చండి. పక్కపక్కనే ఉన్నవి రెండూ ఒకేసారి తీస్తే పలకల ఆకారం జారుతుంది.

మెత్తబడ్డ పలక కొసకు పైన చెప్పిన ఏటవాలు అతుకు పద్ధతి సరిపోతుంది. సందులు చివరి పని. పాతది గీకి, అంచులకు ప్రైమర్ పూసి, దూది పేని సందులోకి కూరండి, మళ్లీ దాని మీద పెయింట్, పైన మెత్తగా ఉండే సందుల కాంపౌండ్. ఎండిన పడవలో దూది బిగించి కొట్టొద్దు. ఉబ్బినప్పుడు కాంపౌండ్ కొంచెం బయటికి తన్నుకొస్తుంది, రావాలి, గీకేస్తే సరి.

దింపే ముందు కొన్నాళ్లు లోపల తడి గోనెలు పరిచి ఉంచండి. మొదటిసారి నీరు లోపలికి వస్తుంది, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది, ఆ రోజులు పడవను మునిగిపోకుండా కింద నుంచి పట్టే తాళ్ల మీదే ఉంచి పక్కన పంపు పెట్టుకోండి. ఆ బోల్టు తీసినప్పుడు ఫొటో పెట్టండి, చూసి ఎంత సైజు వేయాలో చెబుతాను.