26 ఎపిసోడ్ల సీరియల్‌ని బ్లూరే సెట్టుగా తేవాలి: ఫైళ్లు మూడు రకాలు, ఒడియా సబ్‌టైటిల్స్ డబ్బాలు

వంశధార:
పర్లాకిమిడిలో లోకల్ కేబుల్ కోసం తీసిన తెలుగు సీరియల్ ఇది. 26 ఎపిసోడ్లు, ఒక్కోటి 22 నిమిషాలు. బరంపురం, గుణుపురం, రాయగడ వైపు అమ్మడానికి 250 బ్లూరే సెట్లు కావాలి. మొదటి 8 ఎపిసోడ్లు మినీ డీవీ టేపుల నుంచి దించినవి, 720×576. తర్వాతి 10 ఎపిసోడ్లు 1080ఐ (ఇంటర్‌లేస్డ్), సెకనుకి 50 ఫీల్డులు, అంటే సగం ఫ్రేములు. చివరి 8 ఎపిసోడ్లు 1080పీ (ప్రోగ్రెసివ్), సెకనుకి 25 పూర్తి ఫ్రేములు. అన్నిటినీ 1080పీ 50లోకి మార్చి ఒకే తీరుగా చేసేద్దామంటున్నారు ఎడిటర్. ఎంపీ4 ఫైళ్లను ఉన్నవున్నట్టు డిస్కులో రాసి చూశాం. ఒక ప్లేయర్లో ఆడింది, ఇంకోటి డిస్కునే గుర్తుపట్టలేదు. ఒడియా సబ్‌టైటిల్స్ ఎస్ఆర్‌టీ ఫైలుగా పెడితే అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి. డిస్కులు ప్రెస్ చేయించాలా, బర్న్ చేస్తే చాలా? టైటిల్ సాంగ్ కాక మరో నాలుగు పాటలున్నాయి, వాటి హక్కుల సంగతి కూడా చెప్పండి.

రుషికుల్య:
ముందు ఎడిటర్ గారిని ఆపండి. బ్లూరే వీడియో ప్రమాణంలో 1080పీ 50 లేనే లేదు. 1080పీ 25 కూడా నేరుగా లేదు. మీ ఫైళ్లకి పనికొచ్చేవి రెండే: 1080ఐ 50 ఫీల్డులు, 576ఐ. చివరి 8 ఎపిసోడ్ల 25పీని 50ఐ అని గుర్తు పెట్టి ఎన్‌కోడ్ చేయాలి. హెచ్.264 వీడియో తయారుచేసే ఎక్స్264 ఎన్‌కోడర్లో దానికి ‘ఫేక్ ఇంటర్‌లేస్డ్’ ఆప్షన్ ఉంది. రెండు ఫీల్డులూ ఒకే ఫ్రేములోవి కాబట్టి బొమ్మకి ఏ నష్టమూ ఉండదు.

డీవీ ఎపిసోడ్లని 1080కి సాగదీయకండి. ఆ టేపులో లేని వివరం ఎక్కడినుంచో పుట్టుకురాదు, డిస్కులో చోటు మాత్రం పోతుంది. పాత సీరియళ్లు హెచ్‌డీలో మెరిసేది ఫిల్మ్ నెగటివ్ ఉన్నప్పుడే. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్’ని 35 ఎంఎం నెగటివ్‌ల నుంచి మళ్లీ స్కాన్ చేసి, మళ్లీ ఎడిట్ చేసి 2012 నుంచి 2014 దాకా బ్లూరేలుగా తెచ్చారు. మినీ డీవీకి వెనక నెగటివ్ అంటూ ఏమీ లేదు. కాబట్టి 576ఐగానే ఉంచండి, పెద్దది చేసే పని ప్లేయరు చూసుకుంటుంది.

ఒక మెలిక. డీవీలో కింది ఫీల్డు ముందు, హెచ్‌డీలో పై ఫీల్డు ముందు. ఇది తారుమారైతే ఆగివున్న షాట్ బాగానే కనిపిస్తుంది, మనిషి నడిస్తే మాత్రం ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టుంటుంది. కంప్యూటర్ మానిటర్ మీద ఇది బయటపడకపోవచ్చు, టీవీలోనే చూడాలి. డీవీ ఆడియో 12 బిట్‌లో రికార్డు చేసి ఉంటే 32 కిలోహెర్ట్జ్ ఉంటుంది, 48కి మార్చండి.

మీ ఎంపీ4లో ఉన్నది బహుశా ఏఏసీ ఆడియో. బ్లూరేలో అది చెల్లదు. డాల్బీ డిజిటల్ స్టీరియో 192 కిలోబిట్లు పెట్టండి, లేదా పీసీఎం (కుదించని ఆడియో). వీడియోకి హెచ్.264 హై ప్రొఫైల్, లెవెల్ 4.1, గరిష్ఠం 40 మెగాబిట్లు, బఫర్ 30 మెగాబిట్లు, కీఫ్రేము 25 ఫ్రేములకొకటి, స్లైసులు (ఫ్రేమును విడగొట్టే ముక్కలు) 4, ‘బ్లూరే కంపాట్’ ఆన్. స్లైసులు మరిచిపోతే కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయరు ఏమీ అనదు, టీవీ పక్కన పెట్టే ప్లేయరు మొరాయించవచ్చు.

ఇక చోటు లెక్క. డీవీ 8 ఎపిసోడ్లు 5 మెగాబిట్ల చొప్పున ఆడియోతో కలిపి దాదాపు ఏడున్నర జీబీ. హెచ్‌డీకి సగటు 12 మెగాబిట్లు అనుకుంటే మొదటి డిస్కులో 1 నుంచి 15 దాకా (డీవీ 8, హెచ్‌డీ 7) 22.5 జీబీ, రెండో దాంట్లో 16 నుంచి 26 దాకా 23.6 జీబీ. రెండు 25 జీబీ డిస్కుల్లో సరిపోయింది. 25 జీబీ అన్న డిస్కు విండోస్‌లో 23.3గా కనిపిస్తుంది, కంగారుపడకండి.

నాగావళి:
సబ్‌టైటిల్స్ సంగతి నేను చెబుతా. ఎస్ఆర్‌టీ అంటే వట్టి టెక్స్ట్, ప్లేయరులో ఒడియా ఫాంటు లేకపోతే డబ్బాలే. బ్లూరేలో వాడేది పీజీఎస్, అంటే ప్రతి వాక్యమూ బొమ్మగా మారి డిస్కులోకి వెళ్తుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘బ్లూరే ఎస్‌యూపీ’ ఎక్స్‌పోర్ట్ ఉంది. హెచ్‌డీ ఎపిసోడ్లకి 1920×1080, డీవీ ఎపిసోడ్లకి 720×576, రెండింటికీ ఫ్రేమ్ రేట్ 25. దాన్ని 23.976 దగ్గర వదిలేస్తే టైమింగ్ జరిగిపోయే ప్రమాదం ఉంది.

అసలు తంటా ఫాంటుతోనే. డీటీపీ వాళ్లు ఇచ్చిన తెలుగు ‘అను’ ఫాంట్లలో, ఒడియా ‘అకృతి’లో (యూనికోడ్ కాని పాత ఫాంట్లు) ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్పించండి. లేదంటే డబ్బాలు పోయి ఇంగ్లిషు గుర్తుల గజిబిజి వస్తుంది. నోటో ఫాంట్లు రెండు లిపులకీ నప్పుతాయి. తెలుగు ట్రాక్ కూడా పెడితే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ ఉన్న వాక్యాల్ని విడిగా తీసి చూడండి. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడుతుంటే వరుసల మధ్య ఎడం పెంచాలి. అట్టడుగు వత్తు బొమ్మ అంచున తెగిపోవడం కూడా మామూలే, అందుకే కింద 5 శాతం ఖాళీ వదలండి.

మెనూ గురించి ఒక మాట. వీడియో, ఆడియోలని బ్లూరే ఫైళ్లుగా కలిపే టీఎస్‌మక్సర్ ఉచితమే కానీ మెనూ చేయదు. మొదటి డిస్కులో రెండు రకాల వీడియో ఉంది కాబట్టి ప్రతి ఎపిసోడ్‌కీ విడి ప్లేలిస్టు పెట్టి, మెనూ చేయగల ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌లో కట్టించండి. ‘అన్నీ వరసగా’ బటన్ కోసం వీడియోని మళ్లీ కాపీ చేయక్కర్లేదు, అవే ఫైళ్లని వాడుకోవచ్చు. 8వ ఎపిసోడ్ అయ్యి 9వది మొదలయ్యేటప్పుడు టీవీ ఒకట్రెండు సెకన్లు నల్లబడొచ్చు. 576 నుంచి 1080కి మారుతోంది కాబట్టి అది లోపం కాదు. టైటిల్ సాంగ్ అయిపోయిన చోట చాప్టర్ పెట్టడం మాత్రం మరవకండి. 26 సార్లు అదే పాట వినే ఓపిక ఎవరికీ ఉండదు.

మహేంద్రగిరి:
250 సెట్లకి ప్రెస్సింగ్ వద్దు. ఫ్యాక్టరీలో ప్రెస్ చేసే బ్లూరే సినిమా డిస్కుకి ఏఏసీఎస్ (కాపీ చేయకుండా అడ్డుకునే) రక్షణ తప్పనిసరి, దాని లైసెన్సు ఖర్చు ఇంత చిన్న సంఖ్య మీద పడితే గిట్టదు. బీడీ-ఆర్‌కి, అంటే బర్న్ చేసుకునే ఖాళీ డిస్కుకి, ఆ గొడవ లేదు. డబ్బా మీద హెచ్‌టీఎల్ అని ఉన్నవే కొనండి. ఎల్‌టీహెచ్ రకాన్ని కొన్ని పాత ప్లేయర్లు చదవవు. 4ఎక్స్ వేగంలో ఒక డిస్కుకి దాదాపు 25 నిమిషాలు, ఏడు బర్నర్ల టవర్ మీద 500 డిస్కులకి 30 గంటలు. వెరిఫై కలిపితే రెట్టింపు. వెరిఫై మానకండి. రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది, తప్పులు ఎక్కువగా బయటి అంచు దగ్గరే, అంటే చివరి ఎపిసోడ్లలోనే దొరుకుతాయి. కాగితం స్టిక్కర్లు వద్దు, ఇంక్‌జెట్ ప్రింటబుల్ డిస్కులు తీసుకోండి. యూపీఎస్ లేకుండా టవర్ ఆన్ చేయకండి, రాస్తుండగా కరెంటు పోతే ఆ ఏడూ చెత్తబుట్టకే.

హక్కుల్లో చూడాల్సింది కాంట్రాక్టు కాగితం. కేబుల్ ప్రసారానికి ఇచ్చిన అనుమతి డిస్కు అమ్మకానికి పనికిరాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశం మట్టుకే. పాటల రచయిత, సంగీత దర్శకుడు 2012 సవరణ తర్వాత రాయల్టీ అడగగలరు, ముందే వాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకోండి. 52ఏ సెక్షన్ కింద డిస్కు మీదా కవరు మీదా తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు అనుమతి తీసుకున్నట్టు ప్రకటన, హక్కుదారు పేరు, చిరునామా ఉండాలి. వీడియోలో కూడా అవి కనిపించాలి.

వంశధార:
థాంక్సండీ. రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో చెప్పే గుర్తు) ఏం పెట్టమంటారు? సీ పెడితే సరిపోతుందా?

రుషికుల్య:
మనది సీ యే, కానీ ఏదీ పెట్టకండి. రీజియన్ పెట్టాలన్న నిబంధనేమీ లేదు. అమెరికాలో ఉన్న మీ పర్లాకిమిడి వాళ్ల ప్లేయర్లు ‘ఎ’ (A) రీజియన్‌వి. అక్కడ ఇంకో చిక్కుంది. కొన్ని ప్లేయర్లు 50 ఫీల్డుల వీడియోని అసలు ఆడించవు. అమెరికాకి పంపేదుంటే ఒక సెట్టు ముందు పంపి చూసుకోండి.