ఫ్యాక్టరీ ఉద్యోగి ఇల్లు కనిపించే తెలుగు కామెడీ సీరియల్ ఏదైనా ఉందా?

అందరికీ నమస్కారం. విశాఖలో ఎంఏ చదువుతున్నాను. టీవీ కామెడీల్లో, కార్టూన్లలో ఇంటి ఖర్చులు ఎలా కనిపిస్తాయన్న దాని మీద సెమినార్ పేపర్ రాయాలి.

1989లో మొదలైన అమెరికా కార్టూన్ సీరియల్ 'ది సింప్సన్స్'లో హోమర్ అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. ఒక్క జీతం మీద సొంతిల్లు, భార్య, ముగ్గురు పిల్లలు! ఇప్పుడది కుదిరే పనేనా అని అక్కడివాళ్లే జోకులేస్తుంటారు. నాకు మాత్రం స్టీల్ ప్లాంట్ ఉద్యోగుల కాలనీ ఉక్కునగరంలోని మా క్వార్టర్ గుర్తొచ్చింది. నాన్న ఒక్కరి జీతంతోనే ఇల్లు గడిచేది. ఆయన నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే అమ్మ మిక్సీ కూడా వేసేది కాదు. మేం సౌండ్ తీసేసి కార్టూన్లు చూస్తూ డైలాగులు గుసగుసగా మేమే చెప్పుకునేవాళ్లం.

మన 'అమృతం' (2001-2007)లో ఇంటి ఓనర్ అప్పాజీ అద్దె గొడవ, హోటల్ నష్టాలు బాగానే ఉన్నాయి. కానీ అది సొంత వ్యాపారం తిప్పలు. 'ఛోటా భీమ్' తీసింది హైదరాబాద్ సంస్థే అయినా ఢోలక్‌పూర్‌లో కరెంటు బిల్లు ఎవరు కడతారు?

నెల జీతం, లోన్ వాయిదాలు, షిఫ్టులు కథలో భాగమైన తెలుగు కామెడీ ఏదైనా మీకు గుర్తుందా? దూరదర్శన్ కాలం నాటిదైనా ఫర్వాలేదు. ఏడుపు సీరియళ్లు మాత్రం వద్దండీ. ఎపిసోడ్లు ఎక్కడ దొరుకుతాయో కూడా చెబితే మీకు పుణ్యముంటుంది.