.308కి నాలుగు పౌడర్లు తెరిచి కూర్చున్నాను, దేని మీద నిలబడాలి?

కిరణ్, ఫ్రిస్కో (టెక్సాస్)

అందరికీ నమస్తే. గ్రీన్ కార్డ్ వచ్చాక బోల్ట్ యాక్షన్ .308 (తూటా సైజు) రైఫిల్ కొన్నాను. కిందటేడాది నుంచి తూటాలు ఇంట్లోనే లోడ్ చేసుకుంటున్నాను, అంటే ఖాళీ కేసులో నిప్పు రాజేసే ప్రైమర్, మందుగుండు పౌడర్, ముందు బుల్లెట్ అమర్చుకోవడం. వేటకు కాదు, పేపర్ టార్గెట్లకే. 100 గజాల దగ్గర గ్రూప్ (షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయో) చూసుకుని 300 దాకా కాలుస్తాను. బుల్లెట్ మార్చలేదు, సియెర్రా మ్యాచ్‌కింగ్ 168 గ్రెయిన్లే (గ్రెయిన్ చిన్న బరువు కొలత). చిక్కంతా పౌడర్ దగ్గర వచ్చింది. మొదట వార్గెట్ వాడాను. అది షాపుల్లో దొరక్కపోయేసరికి ఐఎంఆర్ 4064 తెచ్చాను. రేంజ్‌లో ఒకాయన రీలోడర్ 15 అన్నారు, ఇంకొకాయన విహ్తావువోరి ఎన్140 వాడి చూడమన్నారు. ఇప్పుడు నాలుగు డబ్బాలూ సగం సగం ఉన్నాయి. ప్రతిదానితోనూ ఒకరోజు మూడు షాట్లు అర అంగుళంలో పడతాయి, మరో రోజు అదే లోడ్ (అదే బుల్లెట్, అంతే పౌడర్) అంగుళంన్నర. రేంజ్‌కి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. దేన్ని పట్టుకోవాలి? పట్టుకున్నాక మళ్లీ మారకుండా ఎలా ఉండాలి?

రామ్మోహన్, ఫీనిక్స్ (అరిజోనా)

తమ్ముడూ, నీ దగ్గరున్న నాలుగింట్లో తీసి పారేయాల్సింది ఒక్కటీ లేదు. 168 గ్రెయిన్ల బుల్లెట్‌తో .308కి ఎంత వేగంగా మండే పౌడర్ కావాలో అవన్నీ ఆ కోవలోవే. కేసు కూడా బాగా నిండుతుంది. కేసులో ఖాళీ ఎక్కువుంటే పౌడర్ ఒకసారి ప్రైమర్ వైపు, ఒకసారి బుల్లెట్ వైపు జరిగి వేగంలో తేడా వస్తుంది. వీటితో ఆ బెడద తక్కువ. నాలుగూ పనికొచ్చేవే కాబట్టి ఏది మేలో టార్గెట్ మీద నీకు తేలడం లేదు.

మూడు షాట్ల గ్రూప్‌ను నమ్మకు. అదే రైఫిల్, అదే లోడ్, అదే మధ్యాహ్నం కాల్చినా ఒక గ్రూప్ అర అంగుళం, తర్వాతది అంగుళంన్నర రావచ్చు. తప్పు పౌడర్‌ది కాదు, మూడు షాట్లతో లోడ్ గుణం బయటపడదు. ఒక్కో లోడ్‌తో పదేసి షాట్లు కాల్చు, ఇంకో రోజు మళ్లీ కాల్చు. నాలుగు పౌడర్ల ఫలితాలూ దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. రైఫిల్ గురిలో పెద్ద వాటా బ్యారెల్‌ది, బుల్లెట్‌ది, కాల్చేవాడిది. సరైన కోవలో పౌడర్ ఎంచుకున్నాక దాని వాటా మిగిలేది కొంచెమే.

అందుకని నేను మొదట చూసేది ఏది చిన్న గ్రూప్ ఇచ్చిందని కాదు. ఏది నాకు ఏళ్ల తరబడి దొరుకుతుందని. వార్గెట్ ఆస్ట్రేలియాలోని మల్వాలాలో తయారవుతుంది, ఇక్కడ హాడ్జ్‌డన్ కంపెనీ అమ్ముతుంది. అక్కడి నుంచి సరుకు తగ్గితే ఇక్కడ అరలు ఖాళీ అవుతాయి. ఐఎంఆర్ 4064 అమ్మేదీ హాడ్జ్‌డనే, తయారయ్యేది మాత్రం కెనడాలో, క్వెబెక్‌లో. అసలు తయారీయే ఆగిపోయే పౌడర్లూ ఉంటాయి. ఐఎంఆర్‌లోనే ఎండ్యూరాన్ వరసలోని 4166 మీద స్థిరపడ్డవాళ్లు అది ఆగిపోయాక మళ్లీ మొదటికి రావాల్సి వచ్చింది.

రెండోది ఎండ. నేను కాల్చేది బెన్ ఏవరీ రేంజ్‌లో. జూలైలో 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోతుంది, జనవరి పొద్దుటి పూట స్వెట్టర్ వేసుకోవాలి. ఎండలో బల్ల మీద పెట్టిన తూటా గానీ, వేడెక్కిన ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) కాసేపు ఉండిపోయిన తూటా గానీ ప్రెషర్, వేగం రెండూ పెంచుతుంది. వార్గెట్‌కు పేరొచ్చింది ఈ తేడా తక్కువ చూపిస్తుందనే. రీలోడర్ 15 వేడికి అంతకంటే ఎక్కువ మారుతుంది. మీ ఫ్రిస్కో ఎండల్లో నేనైతే దాన్ని పెట్టుకోను. ఎన్140 శుభ్రంగా మండుతుంది, ఖరీదే ఎక్కువ. 4064 పుల్లలు పొడుగ్గా ఉంటాయి, పరిమాణంతో కొలిచే మెజర్‌లో అవి తెగి ఒక్కోసారి పోసిన పౌడర్ ఒక్కో రకంగా పడుతుంది. ప్రతి ఛార్జ్‌నూ (తూటాకి వేసే పౌడర్‌ను) కాటాలో తూచుకునేవాడివైతే దాని గురించి ఆలోచించక్కర్లేదు.

నా మాట అడిగావు కాబట్టి, వార్గెట్ దొరకని చోట 4064 తీసుకో. కానీ ఒక పౌండ్ డబ్బా వద్దు. ఎనిమిది పౌండ్ల డబ్బా, ఒకే లాట్ నంబర్‌ది (ఒకే విడతలో తయారైనది) కొను. పౌండ్‌కి 7000 గ్రెయిన్లు. తూటాకి లెక్క కోసం 40 గ్రెయిన్లు అనుకుంటే పౌండ్‌కి 175 తూటాలే వస్తాయి. ఎనిమిది పౌండ్లకు 1400. అంత సరుకు చేతిలో ఉంటేనే ఏ లోడ్‌నైనా సరిగ్గా తెలుసుకునే వీలుంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు రవాణా) ఫీజు కూడా ఒక్కసారే పడుతుంది.

తర్వాత లోడింగ్ మాన్యువల్లో ఇచ్చిన స్టార్టింగ్ ఛార్జ్ నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లు. గరిష్ఠం దాకా పోవాల్సిన అవసరం లేదు. క్రోనోగ్రాఫ్‌లో (బుల్లెట్ వేగం కొలిచే యంత్రం) వేగం నిలకడగా ఉండి, ప్రెషర్ ఎక్కువైన గుర్తులు ఏమీ లేని చోట, వేసవికి కొంత జాగా వదిలి ఆగు. సీటింగ్ డెప్త్ (బుల్లెట్ కేసులోకి ఎంత లోతు దిగిందో) ఒక్కటీ సరిచూసుకుని, ఆ లోడ్‌ను నోట్‌బుక్‌లో రాసుకుని ఇక ముట్టుకోకు.

నిలబడమని ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, లోడ్ ఒకటే అయినప్పుడు 300 గజాల దగ్గర షాట్ కుడికి పోతే అది గాలి అని నీకు తెలుస్తుంది. కింద పడితే ట్రిగ్గర్ దగ్గర చేయి అదిరిందని తెలుస్తుంది. వారానికో పౌడర్ మారిస్తే ప్రతి తప్పుకూ పౌడర్ ఒక జవాబై కూర్చుంటుంది, గాలిని చదవడం ఎప్పటికీ రాదు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం గాలిని చదవడమే. నువ్వు దాన్ని పోగొట్టుకుంటున్నావని బాధగా ఉంది.

సుధ, ట్రాయ్ (మిషిగన్)

కిరణ్ గారూ, నేను .22 ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) షూటర్‌ని. మా రిమ్‌ఫైర్ (ప్రైమర్ విడిగా లేని) తూటాలను రీలోడ్ చేసుకునే అవకాశమే లేదు. అందుకే మా వైపు పద్ధతి వేరు. ఎలీ, లాపువా కంపెనీలకు టెస్ట్ రేంజ్‌లు ఉన్నాయి. అక్కడ మన రైఫిల్‌ను బిగించి వేర్వేరు లాట్లు కాలుస్తారు. ఒకే పేరు, ఒకే ధర ఉన్న డబ్బాలు కూడా లాట్ మారితే మన బ్యారెల్‌లో వేరేగా పడతాయి. నచ్చిన లాట్ దొరికితే సీజన్‌కు సరిపడా అదే కొనేసి, ఆ తర్వాత వెతకడం మానేస్తాం. రామ్మోహన్ గారు చెప్పిన ఎనిమిది పౌండ్ల లెక్క అదే దారి. ఎంచుకోవడానికి ఒక కాలం పెట్టుకోండి, అది అయ్యాక కాల్చడమే పని.

వేణు, డేటన్ (ఒహాయో)

ఒక జాగ్రత్త చెప్పి వెళ్తాను. నంబర్ ఒకటే అని పౌడర్ ఒకటే అనుకోవద్దు. హెచ్4895, ఐఎంఆర్ 4895 వేర్వేరు. హెచ్4350, ఐఎంఆర్ 4350 కూడా అంతే. ఒకదాని డేటాతో ఇంకోటి లోడ్ చేయకూడదు. లోడ్ చేసేటప్పుడు బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి, మిగతావి అల్మారాలో. మెజర్‌లో మిగిలింది ఏ పౌడరో గుర్తులేకపోతే ఏ డబ్బాలోనూ పోయకండి, వాడకండి. నాలుగు డబ్బాలు తెరిచి ఉన్నాయని చదవగానే నాకు ముందు భయం వేసింది దీనికే.

కిరణ్, ఫ్రిస్కో (టెక్సాస్)

రామ్మోహన్ అన్నా, సుధ గారూ, వేణు గారూ, చాలా థాంక్స్. 4064 ఎనిమిది పౌండ్లది ఆర్డర్ పెట్టాను. రెండు సందేహాలు. అంత పౌడర్ ఇంట్లో ఉంచొచ్చా? గరాజ్‌లో పెట్టనా? లాట్ అయిపోయేటప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలా?

రామ్మోహన్, ఫీనిక్స్ (అరిజోనా)

గరాజ్ వద్దు తమ్ముడూ. టెక్సాస్ గరాజ్ వేసవిలో పొయ్యిలా ఉంటుంది, వేడికి పౌడర్ త్వరగా పాడవుతుంది. ఇంట్లో చల్లగా, పొడిగా ఉన్న గదిలో, కంపెనీ డబ్బాలోనే, మూత గట్టిగా బిగించి పెట్టు. గాలి తగిలి తేమ ఆరిపోతే పౌడర్ ఇంకా వేగంగా మండుతుంది. అదే లోడ్ ప్రెషర్ పెంచుతుంది. ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికాలోని అగ్ని భద్రతా సంఘం) 495 నియమావళి ప్రకారం సొంత వాడకానికి 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లోనే ఇంట్లో ఉంచుకోవచ్చు. అది దాటి 50 దాకా అయితే అంగుళం మందం గోడలున్న చెక్క పెట్టె కావాలి. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంకా కఠినంగా ఉందేమో ఒకసారి కనుక్కో. మూత తీసినప్పుడు ఘాటైన యాసిడ్ వాసన వచ్చినా, తుప్పు రంగు దుమ్ము కనిపించినా ఆ డబ్బా వాడకు.

లాట్ మారడానికి భయపడక్కర్లేదు. పాతది ఒక పౌండ్ మిగిలి ఉండగానే కొత్తది కొను. రెండూ కలపకు. కొత్త లాట్‌తో ఛార్జ్ తగ్గించి మొదలుపెట్టి, క్రోనోగ్రాఫ్ ముందు పాత లాట్ వేగం దగ్గరికి మెల్లగా తీసుకురా. తేడా సాధారణంగా కొద్దిగానే ఉంటుంది, సరిచేసుకోవడానికి ఒక ఉదయం చాలు. బుల్లెట్, ప్రైమర్, కేసు ఏవీ ఆ రోజు మార్చకు.